గోడ మీద గీత

మొన్న నవంబరు 19న నేను కాల్‌లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. తీయలేదు. ప్రొడక్షన్‌లో ఏదో తగలబడుతోంది, అందరం దాని మీద పడి ఉన్నాం. గంట తర్వాత చూసుకుంటే ఒక్క ముక్క మెసేజ్. "దీపం పెట్టాను."

ఆ దీపం వెనకాల ఒక గోడ ఉంది. అంటే, ఉండేది. ఆ గోడ మీద ఒక గీత ఉండేది. దాని గురించి చాలా ఏళ్ళుగా రాద్దామనుకుంటున్నాను. కానీ రాయాలంటే మధ్యలో విశ్వం పుట్టుక గురించి కూడా చెప్పాల్సి వస్తుంది, అందుకని వాయిదా వేస్తూ వచ్చాను. ఇవాళ ఆదివారం, కరెంటు ఉంది, పిల్లలు నిద్రపోతున్నారు. కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మమ్మ వాళ్ళది దివిసీమ. నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉన్న ఒక చిన్న ఊరు. నేను 1978లో పుట్టాను, అంటే ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది. 1977 నవంబరు 19, శనివారం. మీలో కృష్ణా జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు చెప్తే మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒక్క క్షణం మాట ఆపేస్తారు.

అమ్మమ్మ వాళ్ళది పెంకుటిల్లు, ఇటుక గోడలు. అటకెక్కి దూలం పట్టుకుని కొందరు బతికారు. మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, బతకలేదు. దానికి తొమ్మిదేళ్ళు. నేనెప్పుడూ చూడని మనిషిని "అది" అంటున్నాను, ఇంట్లో అందరూ అలాగే అంటారు కాబట్టి.

నడవలో ఒక గోడ మీద, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, అడ్డంగా ఒక గోధుమరంగు గీత ఉండేది. ప్రతి సంక్రాంతికీ ఇల్లంతా సున్నం వేసేవాళ్ళు, ఆ గీత ఉన్న చోట తప్ప. "నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి" అనేవాళ్ళు మావయ్యలు. ఏటా నవంబరు 19న అమ్మమ్మ ఆ గీత కింద దీపం పెట్టేది. నేను చిన్నప్పుడు ఆ గీత పక్కన నిలబడి ఎత్తు చూసుకునేవాణ్ణి. ఒక ఏడాది గీత నా తలకి పైన, ఒక ఏడాది నుదుటికి, ఒక ఏడాది గడ్డానికి. గడ్డం దాటిన ఏడాది నాకెందుకో ధైర్యం వచ్చింది. ఇక ఉప్పెన వచ్చినా మునగను అన్నమాట!

ఇది ఒక గీత. ఇప్పుడు రెండోది.

ఇంటర్ గుడివాడలో చదివాను. రూము పక్కనే కాలవ. సాయంత్రాలు గట్టు మీద కూచుని ఎంసెట్ బిట్లు చదివేవాళ్ళం. ఆ కాలవలో నీళ్ళు ఎటు పారుతున్నాయో చూస్తే తెలిసేది కాదు. గుర్రపుడెక్క ఒక గుంపు కనిపిస్తే దాని మీద దృష్టి పెట్టి, రెండు నిమిషాలాగి మళ్ళీ చూస్తే జానెడు జరిగి ఉండేది. తప్పు కాలవది కాదు, డెల్టాది. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర నిండు నీటి మట్టమే సముద్రం కంటే 57 అడుగుల ఎత్తు. ఆ 57 అడుగులు దిగడానికి డెబ్భై ఎనభై కిలోమీటర్లు ప్రయాణం. వాలు ఉంది, కానీ ఉన్నట్టు తెలియదు. మా ఫిజిక్స్ లెక్చరర్ గారు ఒకసారి అటుగా వెళ్తూ "ఒరేయ్, కంటికి కనపడని వాలే డెల్టా మొత్తానికి అన్నం పెడుతోందిరా" అని వెళ్ళిపోయారు. అప్పుడు నవ్వుకున్నాం.

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్ళు విశ్వోద్భవం గురించి చదవడం మొదలుపెట్టాక "స్లో రోల్ ఇన్‌ఫ్లేషన్" అన్న మాట ఎదురైంది. ఇన్‌ఫ్లేషన్ అంటే ఇక్కడ ఉల్లిపాయల ధర కాదు. విశ్వం మొదట్లో, సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో, కనీసం 1 పక్కన 26 సున్నాలు పెడితే వచ్చేన్ని రెట్లు సాగిపోయిందని ఒక సిద్ధాంతం. 1980లో అలెన్ గూత్ అమెరికాలో, అలెక్సీ స్టారోబిన్‌స్కీ రష్యాలో వేరువేరు దారుల్లో ఇక్కడికి వచ్చారు. 1982లో ఆంద్రేయ్ లిందే, విడిగా ఆల్‌బ్రెక్ట్, స్టైన్‌హార్ట్ దాన్ని సరిచేసి, ఈ స్లో రోల్ రూపం తెచ్చారు.

ఇది ఎందుకు కావాల్సి వచ్చిందంటే: దూరదర్శన్ రోజుల్లో యాంటెనా తిప్పుతుంటే టీవీలో చీమలు పాకేవి గుర్తుందా? ఆ చీమల్లో నూటికి ఒకటి బిగ్ బ్యాంగ్ నాటి వెలుగే. విశ్వానికి 3,80,000 ఏళ్ళ వయసులో బయల్దేరిన వెలుగు, చల్లబడి ఇప్పుడు 2.725 కెల్విన్ దగ్గర ఉంది. ఆకాశంలో ఏ మూల చూసినా అదే ఉష్ణోగ్రత, లక్షలో ఒక వంతు తేడాతో. ఈ మూల నుంచి ఆ మూలకి అప్పటికి వెలుగైనా చేరే టైము లేదు. మరి ఒకదానితో ఒకటి మాట్లాడుకోని సర్వర్లన్నిట్లో ఒకే డేటా ఎలా ఉంది? ఎప్పుడో ఒకచోట ఉండి, తర్వాత విడిపోయి ఉండాలి. ఒకచోట ఉన్న చిన్న ముక్కని సాగదీసింది ఇన్‌ఫ్లేషన్ అన్నమాట.

సాగదీసే శక్తి ఒక క్షేత్రానిది. అది దాదాపు చదునుగా ఉన్న వాలు మీద మెల్లగా దిగుతూ ఉంటుంది. బందరు లడ్డుకి తీసిన బెల్లం పాకంలో గోళీ వేసినట్టు అనుకోండి. విశ్వం విస్తరించడమే ఆ పాకం, అదే బ్రేకు. వాలు చదునుగా ఉన్నంతసేపూ విస్తరణ సాగుతుంది. చివర్లో, మన కాలవ లాకుల దగ్గరికి వచ్చి ఒక్కసారి కిందకి దూకినట్టు, క్షేత్రం గబుక్కున దిగిపోతుంది, ఉన్న శక్తంతా వేడిగా, కణాలుగా మారుతుంది. మనమందరం ఆ లాకుల కింది నీళ్ళమే.

వాలు ఎంత అని అడిగే ధైర్యం కూడా మనిషికి ఉంది. దాన్ని కొలవడానికి ఎప్సిలాన్ అని ఒక సంఖ్య, ఆ వాలు ఎలా మారుతోందో చెప్పడానికి ఈటా అని ఇంకొకటి. రెండూ ఒకటి కంటే బాగా చిన్నవిగా ఉంటేనే స్లో రోల్. వాలు బొత్తిగా లేకపోతే ఆకాశంలోని హెచ్చుతగ్గుల బలం చిన్నాపెద్దా స్థాయిలన్నిట్లో ఒకేలా ఉండాలి, అంటే ఆ కొలత సరిగ్గా 1 రావాలి. ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల్లో అది 0.965 వచ్చింది. ఒకటి కాదు, ఒకటికి కాస్త తక్కువ. నా మటుకు నాకు ఆ సంఖ్య చూసినప్పుడు గుర్రపుడెక్క జానెడు జరిగినట్టు అనిపించింది.

కానీ గుర్రపుడెక్క కదిలిందంటే గాలికి కూడా కదిలి ఉండొచ్చు కదా? గట్టి సాక్ష్యం వేరే ఉంది. ఇన్‌ఫ్లేషన్ జరిగి ఉంటే పదార్థంలో హెచ్చుతగ్గులే కాదు, స్థలకాలంలోనే అలలు పుట్టి ఉండాలి. అవే ఆదిమ గురుత్వ తరంగాలు. లైగో 2015లో పట్టుకున్నవి కావు. అవి రెండు కృష్ణబిలాలు గుద్దుకుంటే వచ్చినవి, నిన్నమొన్నటివి. ఇవి మొట్టమొదటివి, ఇప్పుడు వాటి అల పొడవు కోట్ల కాంతి సంవత్సరాలు. వాటిని నేరుగా చూడలేం. అల వెళ్ళిపోయింది. కానీ 3,80,000 ఏళ్ళప్పుడు ఆ వెలుగు బయల్దేరుతుండగా, దాని ధ్రువణంలో ఒక రకమైన సుడి తిరిగిన నమూనా వదిలి ఉండాలి. దాన్ని బి-మోడ్ అంటారు. పదార్థంలోని హెచ్చుతగ్గులు నేరుగా ఆ సుడిని పుట్టించలేవు. కాబట్టి అది కనిపిస్తే అల వచ్చినట్టే. ఎంత గట్టిగా కనిపిస్తే వాలు అంత ఉన్నట్టు. ఆ అలల బలానికీ పదార్థపు హెచ్చుతగ్గుల బలానికీ నిష్పత్తిని ఆర్ అంటారు. మామూలు స్లో రోల్‌లో అది ఎప్సిలాన్‌కి 16 రెట్లు.

అర్థమైందిగా? నీళ్ళు వెళ్ళిపోయాక గోడ మీద గీత!

2014 మార్చి 17న దక్షిణ ధ్రువంలోని బైసెప్2 అనే టెలిస్కోపు వాళ్ళు ఆ గీత కనిపించిందన్నారు. ఆర్ విలువ 0.2. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. దాని అర్థం ఏమిటంటే, ఎల్‌హెచ్‌సీ అందుకోగలిగిన శక్తికి లక్ష కోట్ల రెట్ల శక్తి దగ్గర ఏం జరిగిందో మనిషి చూశాడని. లిందే ఇంటి తలుపు కొట్టి ఆ వార్త చెప్పే వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు, షాంపేన్ సీసాతో సహా. అందులో ఆయన అన్న ఒక మాట మాత్రం నాకు మర్చిపోవడం కుదర్లేదు. ఇది అందంగా ఉంది కాబట్టే నేను నమ్ముతున్నానేమో అన్న అనుమానం తనకి ఎప్పుడూ ఉంటుందని. ముప్పై ఏళ్ళు దాని మీద పనిచేసినవాడు, పండగ రోజున, ఆ మాట అన్నాడు.

ఆ అనుమానమే గెలిచింది. మన పాలపుంతలో సన్నటి దుమ్ము ఉంది. ఆ దుమ్ము కణాలు అయస్కాంత క్షేత్రం వెంబడి వరస కట్టి, అవి కూడా ధ్రువణం ఉన్న కాంతినే వెదజల్లుతాయి. బైసెప్2 చూసింది 150 గిగాహెర్ట్జ్ అనే ఒక్క పౌనఃపున్యంలో. ఒక్క రంగులో చూస్తే దుమ్మేదో అల గుర్తేదో విడదీయడం కష్టం. దుమ్ము ఎంతుందో అంచనా వేయడానికి వాళ్ళు వాడిన మోడళ్ళలో ఒకటి, ప్లాంక్ వాళ్ళ ప్రెజెంటేషన్ స్లైడులోని మ్యాపు నుంచి తీసింది. ఇది చదివి నవ్వకండి, మనం ఎన్ని ఎస్టిమేట్లు స్లైడు చూసి వేయలేదు! 2014 సెప్టెంబరులో ప్లాంక్ వాళ్ళు దుమ్ము అనుకున్నదానికంటే ఎక్కువుందని చూపించారు. 2015 జనవరి 30న రెండు బృందాలూ డేటా కలిపి చూసుకుని ఒప్పుకున్నాయి, కనిపించినదాంట్లో ఎక్కువ భాగం దుమ్మేనని.

సరిగ్గా ఆ జనవరిలోనే, సంక్రాంతికి, మేము అమ్మమ్మ ఇల్లు బాగుచేయిస్తున్నాం.

గోడలు గుల్లబారాయి, పూత తీసి మళ్ళీ వేయాలన్నాడు తాపీ మేస్త్రి. అరవై దాటినాయన. గీత ఉన్న గోడ మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. "ఉప్పెన నీళ్ళ గుర్తు అది" అన్నాను. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి వేలితో గీరి, కాసేపు చూసి, మెల్లగా అన్నాడు. "ఇది ఉప్పెన గీత కాదు బాబూ. ఈ పూత సిమెంటు పూత. ఉప్పెన అయిన రెండేళ్ళకి మా నాన్నా నేనూ వేశాం. అంతకుముందు ఇక్కడ సున్నం పూత ఉండేది. ఇది చెమ్మ. నేలలో ఉప్పు గోడలోకి పాకి, అక్కడ ఆగి పొక్కింది. మన సీమలో సగం గోడలకి ఉంటది."

నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ముప్పై ఏళ్ళకి పైగా మా కుటుంబం దీపం పెడుతున్నది చెమ్మకి. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పూత ఎప్పుడు వేశారో వేసినాయనే చెప్తున్నాడు. నీళ్ళు పోయాక వేసిన పూత మీద ఆ నీళ్ళ గుర్తు ఎలా ఉంటుంది? టైమ్‌స్టాంపు సరిపోవట్లేదు, అంతే. ఇంత చిన్న ప్రశ్న ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టాలని మాకు లేదు.

అమ్మమ్మకి ఎనభై దాటాయి. చెప్పాలా వద్దా? చెప్పకుండా ఆ ఒక్క గోడా వదిలేస్తే పోయేదేముంది? ఆ సాయంత్రం బస్సెక్కి బందరు వెళ్ళిపోయాను. నాన్నగారి ఊరు అదే.

బందరు అంటే అందరికీ లడ్డూ, కలంకారీ. నాకు మాత్రం 1868 ఆగస్టు 18. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వచ్చి కూచున్నాడు. ఫ్రెంచాయన జాన్సెన్ గుంటూరులో దిగాడు. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగుని పట్టకంతో విడదీసి చూస్తే ఒక పసుపు గీత కనిపించింది. ఆ గీతని చూసి రాసుకున్నవాళ్ళలో మన బందరులో నిలబడ్డ పాగ్సన్ ఒకడు. సోడియం గీతలు కూడా సరిగ్గా ఆ దగ్గర్లోనే ఉంటాయి, కాబట్టి సోడియమేలే అనుకోవడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ జాగ్రత్తగా కొలిస్తే అది సోడియం చోటు కాదని తేలింది. భూమ్మీద ఎవరూ చూడని మూలకం అది, హీలియం. భూమ్మీద అది దొరికింది 1895లో, రామ్సేకి. మధ్యలో 27 ఏళ్ళు! అన్నేళ్ళూ అది నమ్మేవాళ్ళకి నమ్మకం, నవ్వేవాళ్ళకి నవ్వులాట. ఆ హీలియంలో చాలాభాగం విశ్వం మొదటి కొన్ని నిమిషాల్లోనే తయారైందని, మామూలు పదార్థం బరువులో దాదాపు నాలుగో వంతు అదేనని, ఇంకో అరవై డెబ్భై ఏళ్ళు గడిస్తే గానీ తెలియలేదు.

బందరులో, మామూలుది అనుకోదగ్గ గీత కొత్తది అయింది. దక్షిణ ధ్రువంలో, కొత్తది అనుకున్న గీత మామూలు దుమ్ము అయింది. మా ఇంట్లో, ఉప్పెన అనుకున్నది చెమ్మ అయింది. చూసినప్పుడు మూడూ ఒకలాగే ఉంటాయి. తేడా ఎక్కడంటే, తర్వాత ఎవరో ఒకరు దగ్గరికి వెళ్ళి గీరి చూడ్డంలో. గీరొద్దన్నవాణ్ణి నేను. ఆ రాత్రి నాకు నిజంగా సిగ్గేసింది. బైసెప్ వాళ్ళ తొందర మీద ఆఫీసులో భోజనాల దగ్గర ఎన్ని జోకులు వేశానో గుర్తొచ్చింది.

మర్నాడు వెళ్ళి అమ్మమ్మ పక్కన కూచుని చెప్పేశాను. ఆవిడ వడియాలు ఎండబెడుతోంది. తల ఎత్తకుండానే అంది.

"నాకు తెలీదుట్రా? పూత వేసినప్పుడు నేను ఇక్కడ లేనూ?"

"మరి దీపం..."

"నీళ్ళు అక్కడిదాకా వస్తే అది బతికుండేదిరా నాన్నా. కిటికీ పైదాకా వచ్చాయి. మీ మావయ్యలు పిల్లలు, వాళ్ళకి అంత ఎత్తు అని చెప్పలేక ఊరుకున్నాను. ఎక్కడో ఒకచోట పెట్టాలిగా దీపం."

అంతే. మళ్ళీ వడియాల మీద పడింది. మేస్త్రి ఆ గోడ పూత కూడా తీసేశాడు. లోపల ఇటుకలు ఉప్పు తిని గుల్లగా ఉన్నాయి, ఎత్తు చెప్పే గుర్తు ఏదీ లేదు. అమ్మమ్మ 2019లో పోయింది. ఇల్లు ఆ తర్వాత అమ్మేశాం. దీపం ఇప్పుడు అమ్మ, బెజవాడలో తన ఇంట్లో, తనకి కుదిరిన చోట పెడుతుంది.

ఇన్నేళ్ళు ఆలోచించాక నాకు అర్థమైంది ఇది. మాకు అమ్మమ్మ ఉంది. గీత తప్పైనా అల నిజమని చెప్పడానికి, చూసిన మనిషి ఉంది. విశ్వానికి అలాంటి అమ్మమ్మ లేదు. అప్పుడు అటకెక్కి దూలం పట్టుకుని చూసినవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి అక్కడ గీత తప్ప ఇంకో దారి లేదు, ప్రతి గీతనీ గీరి చూడక తప్పదు. ఎంత అందంగా ఉన్నా సరే.

గీరుతూనే ఉన్నారు. బైసెప్, కెక్ వాళ్ళు ఇంకా ఎక్కువ రంగుల్లో చూసి, దుమ్ము పూతని లెక్కగట్టి తీసేసి, 2021లో ఆర్ 0.036 కంటే తక్కువని చెప్పారు. అంటే ఎప్సిలాన్ 0.00225 కంటే తక్కువ. "ఏమీ దొరకలేదా?" అని నా కొలీగ్ ఒకడు అడిగాడు. దొరికింది. పుస్తకాల్లో మొదట నేర్పే తేలిక మోడల్ ఒకటుంది, వాలు పారాబోలా ఆకారంలో ఉంటుందనేది. అది ఆర్ 0.13 దాకా ఉండాలంటుంది. అది పోయింది. 1980 నాటి స్టారోబిన్‌స్కీ మోడల్ 0.003 దగ్గర అంటుంది. అది ఇంకా నిలబడే ఉంది. ఆయన మాత్రం 2023 డిసెంబరులో పోయాడు, తన అంకె తేలకుండానే. చిలీలోని అటకామా ఎడారిలో సైమన్స్ అబ్జర్వేటరీ చూస్తోంది. జపాను వాళ్ళ లైట్‌బర్డ్ ఉపగ్రహం వచ్చే దశాబ్దంలో వెళ్ళాలని ప్లాను. ఆ 0.003 దగ్గర గీత ఉందో లేదో అప్పటికి తేలొచ్చు. తేలకపోవచ్చు కూడా. వాలు ఇంకా చదునైతే అల వచ్చి ఉన్నా మన పరికరాలకి అందకపోవచ్చు. హీలియంకి పట్టిన 27 ఏళ్ళతో పోలిస్తే ఇది ఎప్పుడో దాటిపోయింది.

అమ్మకి తిరిగి ఫోన్ చేశాను. ఎక్కడ పెట్టావు దీపం అని అడిగాను. "వంటింటి కిటికీ పైన చెక్క ఉంది కదా, అక్కడ" అంది.

కిటికీ పైన. నేనేమీ అనలేదు. తనకి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో కూడా అడగలేదు.